‘తెలియదు’ అని చెప్పడానికి నాకు నాలుగు నెలలు పట్టింది: విలీనం రోజుల్లో ఒక బ్యాంకు బ్రాంచి

కృష్ణా జిల్లాలో ఒక మండల కేంద్రం. బస్టాండు ఎదురు సందులో ఆంధ్రా బ్యాంకు శాఖ. 2018 మొదట్లో నేను అక్కడికి బ్రాంచి మేనేజరుగా వెళ్లాను. నాతో కలిపి తొమ్మిది మందిమి: ఇద్దరు ఆఫీసర్లు, హెడ్ క్యాషియర్‌తో కలిపి నలుగురు క్లర్కులు, ఒక అటెండర్, ఒక పార్ట్‌టైమ్ స్వీపర్. ఆ బ్యాంకు మరో బ్యాంకులో కలిసిపోయిన కాలంలో ఈ తొమ్మిది మంది ఎలా పని చేశారో, వాళ్లను నడిపించే క్రమంలో నేను ఎక్కడ తప్పు చేశానో, తర్వాత ఏం మార్చుకున్నానో ఇక్కడ రాస్తున్నాను. ఎవరి పేర్లూ రాయడం లేదు. మనుషులు గుర్తుపట్టేలా ఉన్న వివరాలు కొన్ని మార్చాను.

ఆ శుక్రవారం

2019 ఆగస్టు 30, శుక్రవారం. సాయంత్రం నాలుగు దాటింది, క్యాష్ క్లోజ్ చేస్తున్నాం. ఢిల్లీలో ఆర్థిక మంత్రి నిర్మలా సీతారామన్ ప్రెస్‌మీట్ నడుస్తోందని, పది ప్రభుత్వ రంగ బ్యాంకుల్ని నాలుగుగా కలిపేస్తున్నారని మా కుర్ర క్లర్కు ఫోన్ చూసి చెప్పాడు. ఆంధ్రా బ్యాంకు, కార్పొరేషన్ బ్యాంకు వెళ్లి యూనియన్ బ్యాంకులో కలుస్తాయి.

హెడ్ క్యాషియర్ గారు అయిదొందల నోట్ల కట్ట లెక్కపెడుతున్నారు. ఆవిడ బొటనవేలు కట్ట మధ్యలో ఆగిపోయింది. కాసేపు అలాగే ఉండి, కట్టను టేబుల్ మీద తట్టి సర్ది, వేలు తడి చేసుకుని మళ్లీ మొదటి నోటు నుంచి మొదలుపెట్టారు. నేను వెళ్లిన ఏడాదిన్నరలో ఆవిడ లెక్క మధ్యలో ఆపడం అదే మొదటిసారి చూడటం. అప్పుడు నేను దాన్ని పట్టించుకోలేదు. ఇప్పుడు తలచుకుంటే, ఆ రోజు బ్రాంచిలో ఏం జరిగిందో ఆ ఒక్క వేలే చెప్పింది.

ఆంధ్రా బ్యాంకు అంటే మా జిల్లాలో ఉద్యోగం ఇచ్చిన సంస్థ మాత్రమే అనుకుంటే పొరపాటు. భోగరాజు పట్టాభి సీతారామయ్య గారు 1923 నవంబర్‌లో మచిలీపట్నంలో మొదలుపెట్టిన బ్యాంకు అది. 1980 ఏప్రిల్‌లో జాతీయమైనా, పల్లెల్లో పెద్దవాళ్లు ‘పట్టాభి గారి బ్యాంకు’ అనే అనేవాళ్లు. మా అటెండర్ నాన్న కూడా అదే బ్యాంకులో అటెండర్‌గా చేసి రిటైరయ్యారు. పిల్ల పెళ్లి సంబంధం మాట్లాడుకునేటప్పుడు ‘మాది ఆంధ్రా బ్యాంకు’ అని చెప్పుకునేవాళ్లు. ఇలాంటి చోట విలీనం అంటే సర్వీసు రూల్సు, సాఫ్ట్‌వేర్ మారడం ఒకెత్తు, ఇంటి పేరు మారడం ఇంకొకెత్తు. మొదటి దాని గురించి సర్క్యులర్లు వస్తాయి. రెండో దాని గురించి ఏ సర్క్యులరూ రాదు. దాన్ని బ్రాంచి మేనేజరే చూసుకోవాలి. ఆ సంగతి నాకు చాలా ఆలస్యంగా అర్థమైంది.

మర్నాడు అయిదో శనివారం, బ్యాంకు పని చేసింది. ఆదివారం సెలవు. సోమవారం, సెప్టెంబర్ 2, వినాయక చవితి. రెండు రోజులు అందరూ ఇళ్లలోనే ఉన్నారు. చుట్టాలు వచ్చారు, చుట్టాల్లో బ్యాంకు వాళ్లూ ఉన్నారు, ఫోన్లలో గ్రూపులున్నాయి. మంగళవారం బ్రాంచి తెరిచేసరికి మా వాళ్ల దగ్గర నాకంటే ఎక్కువ ‘సమాచారం’ ఉంది. వీఆర్ఎస్ (స్వచ్ఛంద పదవీ విరమణ) ఇచ్చి యాభై దాటిన వాళ్లందర్నీ పంపేస్తారట. పక్కవీధిలో ఇంకో బ్యాంకు బ్రాంచి ఉంది కాబట్టి మాది మూసేస్తారట. సీనియారిటీ లిస్టులో మావాళ్లందర్నీ కిందకి నెడతారట. తెలుగు రాని వాళ్లు మేనేజర్లుగా వస్తారట.

నేను శనివారమే అందర్నీ కూర్చోబెట్టి మాట్లాడి ఉండాల్సింది. ‘నాకే ఏం తెలీదు, ఏం చెప్పను’ అనుకుని ఊరుకున్నాను. నేను వదిలేసిన ఆ ఖాళీలోకి వాట్సాప్ వచ్చి కూర్చుంది.

నా తప్పు

మంగళవారం సాయంత్రం మీటింగ్ పెట్టాను. అందరి మొహాలు చూశాక వాళ్లను ఎలాగైనా ఊరడించాలనిపించింది. ఉద్యోగాలు పోవు అన్నాను. అది నిజమే, ఒక్క ఉద్యోగి కూడా ఉద్యోగం కోల్పోరని ఆర్థిక మంత్రే బహిరంగంగా చెప్పారు. అక్కడితో ఆగి ఉంటే బాగుండేది. ‘మన బ్రాంచిని ఎవరూ కదపరు. ఇక్కడి వాళ్లెవరికీ ఇప్పట్లో ట్రాన్స్‌ఫర్లు ఉండవు, విలీనం హడావుడిలో ఎవరు చేస్తారు?’ అన్నాను. దానికి నా దగ్గర ఏ ఆధారమూ లేదు. అలా అంటే వాళ్లు రాత్రి నిద్రపోతారనుకున్నాను, అంతే.

మీటింగ్ అయ్యాక మా ఫీల్డ్ ఆఫీసర్ నా క్యాబిన్‌లోకి వచ్చారు. పంట రుణాలు, డ్వాక్రా గ్రూపుల పని అంతా ఆవిడే చూసేవారు. భర్తకు విజయవాడలో ఉద్యోగం, చిన్న పాప. ‘సార్, విజయవాడ దగ్గరకి రిక్వెస్ట్ ట్రాన్స్‌ఫర్ పెట్టుకుందామనుకుంటున్నాను. పెట్టమంటారా, ఆగమంటారా?’ అని అడిగారు. ‘ఆగండి మేడమ్, ఇప్పుడెవరూ కదలరు’ అన్నాను. ఆవిడ ఆగారు. పాపను మా ఊళ్లోనే స్కూల్లో వేశారు.

డిసెంబర్‌లో ఆవిడకు ట్రాన్స్‌ఫర్ ఆర్డర్ వచ్చింది. ఇంటికి రెండొందల కిలోమీటర్ల పైన. ఆఫీసర్లకు మూడేళ్లకోసారి ట్రాన్స్‌ఫర్ మామూలే, విలీనానికీ దానికీ సంబంధం లేదు. రావాల్సిన సమయానికే వచ్చింది. తప్పు నాది. ఆర్డర్ కాగితం నా టేబుల్ మీద పెట్టి ఆవిడ అన్న మాట నాకు ఇప్పటికీ అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది. ‘మీరు తెలీదని చెప్పి ఉంటే నేను అప్పుడే అప్లికేషన్ పెట్టుకునేదాన్ని సార్.’

గొంతు పెంచలేదు. ఏడవలేదు. ఆ మాట చెప్పి, పెండింగ్ ఫైళ్ల లిస్టు రాసుకోవడానికి వెళ్లిపోయారు.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. నేను ఎక్కడ పొరబడ్డానో అప్పుడు వెతుక్కున్నాను. స్టాఫ్ నా దగ్గరకు ధైర్యం కోసం వస్తున్నారని నేననుకున్నాను. వాళ్లు వస్తున్నది నిర్ణయం తీసుకోవడానికి. పాపను ఏ స్కూల్లో వేయాలి, ఇంటికి పైఅంతస్తు వేయాలా వద్దా, అమ్మ ఆపరేషన్ ఇప్పుడే చేయించాలా, పరీక్షకు మళ్లీ చదవాలా. నేనిచ్చిన ఓదార్పు మాటను వాళ్లు సమాచారం అనుకుని తీసుకెళ్లి, దాని మీద జీవితంలో ఒక ముఖ్యమైన లెక్క వేసుకుంటున్నారు. మేనేజర్ కుర్చీలోంచి వచ్చిన మాటకు ఆ బరువు ఉంటుంది. ఇంట్లో అన్నయ్య ‘ఏం కాదులేరా’ అన్నట్టు ఆ కుర్చీలోంచి అనకూడదు.

మర్నాడు స్టాఫ్ అందరి ముందు ఆవిడకు క్షమాపణ చెప్పాను. ‘సెప్టెంబర్‌లో ట్రాన్స్‌ఫర్లు ఉండవని నేను చెప్పింది నాకు తెలిసి చెప్పింది కాదు. ఇకనుంచి తెలిస్తే తెలుసు అంటాను, తెలియకపోతే తెలియదు అంటాను’ అన్నాను. ఎవరూ ఏం మాట్లాడలేదు. అటెండర్ మాత్రం టీ గ్లాసులు తీసుకెళ్తూ, ‘అట్టా చెప్తే చాలు బాబూ’ అన్నాడు. నాకంటే వయసులో చాలా పెద్దవాడు, మేనేజర్లందర్నీ ‘బాబూ’ అనే పిలిచేవాడు.

బుధవారం నాలుగున్నర

2020 జనవరి నుంచి ఒక పద్ధతి పెట్టుకున్నాం. ప్రతి బుధవారం సాయంత్రం నాలుగున్నరకు, క్యాష్ టాలీ అయ్యాక, పదిహేను నిమిషాలు కూర్చోవడం. చెప్పడానికి ఏమీ లేకపోయినా కూర్చోవడం. ఇది చాలా ముఖ్యం. అంతకుముందు ఏదైనా సర్క్యులర్ వస్తేనే మీటింగ్ పెట్టేవాణ్ని. దానివల్ల ‘మీటింగ్’ అన్న మాట వినపడితే చాలు, అందరికీ టెన్షన్ మొదలయ్యేది. బుధవారం మీటింగ్ అలవాటయ్యాక ఆ మాటలోంచి భయం పోయింది. పైగా గురువారం పుట్టిన పుకారుకు ‘బుధవారం అడుగుదాంలే’ అనే ఒక గమ్యం దొరికింది. ఆరు రోజులు ఆగగలిగితే సగం పుకార్లు వాటంతటవే చచ్చిపోతాయి.

ఆ పదిహేను నిమిషాల్లో నేను చెప్పే విషయాల్ని విడదీసి చెప్పడం నేర్చుకున్నాను. ‘తెలియదు’ అన్నది ఒకే మాటైనా, అందులో కనీసం మూడు రకాలున్నాయి. ఒకటి, ఆ నిర్ణయం ఇంకా ఎవరూ తీసుకోలేదు. రెండు, పైన తీసుకునే ఉంటారు, నాదాకా రాలేదు. మూడు, నాకు తెలుసు కానీ చెప్పే అనుమతి లేదు. ఈ మూడింటినీ కలిపి ‘తెలియదు’ అంటే స్టాఫ్ మూడోదే అనుకుంటారు, దాస్తున్నాడనుకుంటారు. ఏ రకమో చెప్తే నమ్ముతారు. మూడో రకం మాట నేను మొత్తం మీద ఒకే ఒక్కసారి వాడాను. ‘ఇది నాకు తెలుసు, వచ్చే బుధవారం దాకా చెప్పకూడదు, మీ ఉద్యోగాలకు సంబంధించింది మాత్రం కాదు’ అన్నాను. ఎవరూ రెట్టించి అడగలేదు. వచ్చే బుధవారం చెప్పాను. అంతకుముందు కుదరని నమ్మకం ఆ వారంలో కుదిరింది.

ఇంకో సంగతి. ఒకసారి హెడ్ క్యాషియర్ గారు నన్నే అడిగారు: ‘సార్, మరి మీ సంగతేంటి? మీకు భయం లేదా?’ ఉంది. నా బ్యాచ్ సీనియారిటీ ఏమవుతుందో నాకు తెలీదు. హిందీ రాష్ట్రాలకు వేస్తే మా అమ్మను ఎవరు చూసుకుంటారోనని భయం ఉంది. అదే చెప్పాను, రెండు వాక్యాల్లో. మేనేజరు తన భయమంతా స్టాఫ్ మీద గుమ్మరించకూడదు, కానీ భయమే లేనట్టు నటిస్తే భయపడేవాళ్లకు తమలోనే ఏదో లోపం ఉందనిపిస్తుంది.

పుకార్ల పుస్తకం

ఈ ఆలోచన నాది కాదు, కౌంటర్‌లో చేసే ఒక క్లర్కు మేడమ్‌ది. మీటింగ్‌లో అందరి ముందు అడగడానికి కొందరు మొహమాటపడుతున్నారని ఆవిడ గమనించారు. ఒక లాంగ్ నోట్‌బుక్ కొని, టీ ఫ్లాస్కు పక్కన పెట్టారు. ఎవరు విన్న పుకారు వాళ్లు పేరు రాయకుండా అందులో రాయొచ్చు. ఎడమ పేజీలో తేదీ, పుకారు. కుడి పేజీ ఖాళీ. బుధవారం దాన్ని తెరిచి ఒక్కొక్కటీ చదివేవాళ్లం. జవాబు తెలిస్తే కుడివైపు తేదీ వేసి రాసేవాళ్లం. తెలియకపోతే ఖాళీగా వదిలేసేవాళ్లం, తర్వాతి వారం మళ్లీ అదే పేజీకి వచ్చేవాళ్లం.

మొదటి రెండు వారాలు రెండు మూడు లైన్ల కంటే ఎక్కువ రాలేదు. తర్వాత పేజీలు నిండాయి. ‘పాసుపుస్తకాలు అన్నీ చెల్లవట.’ ‘స్టాఫ్ హౌసింగ్ లోన్ వడ్డీ పెంచుతారట.’ ‘గోల్డ్ లోన్ల బంగారమంతా వేరే బ్రాంచికి తీసుకెళ్తారట.’ ఒకరోజు పెన్సిల్‌తో, చిన్న అక్షరాల్లో: ‘స్వీపర్లను తీసేస్తారట.’ అది ఎవరు రాశారో అందరికీ తెలుసు. ఆవిడ అంతకుముందు ఏ మీటింగ్‌లోనూ నోరు విప్పలేదు. పెద్ద జీతాలవాళ్ల సీనియారిటీ గొడవల మధ్య ఆవిడ గురించి నేను ఒక్కసారి కూడా ఆలోచించలేదు. ఆ సాయంత్రమే రీజనల్ ఆఫీసుకు ఫోన్ చేసి కనుక్కున్నాను. అలాంటి ఆలోచనేమీ లేదన్నారు. కుడి పేజీలో రాసి, ఆవిడను పిలిచి చదివి వినిపించాను. కొంగుతో చేతులు తుడుచుకుని, ఆ పేజీని ఒకసారి ముట్టుకుని వెళ్లింది.

మార్పు సమయంలో గట్టిగా అడిగేవాళ్లకు జవాబులు దొరుకుతాయి. యూనియన్‌లో తిరిగేవాళ్లకు దొరుకుతాయి. అడగలేని వాళ్ల దగ్గరకు మనమే వెళ్లాలి. ఆ నోట్‌బుక్ లేకపోతే నాకు ఆ సంగతి తట్టేది కాదు.

ఆ పుస్తకం మా కుర్ర క్లర్కు విషయంలో మాత్రం ఉపయోగపడలేదు. ఇరవై ఆరేళ్ల కుర్రాడు, పని చురుగ్గా చేసేవాడు, కొత్త సాఫ్ట్‌వేర్ అంటే భయం లేదు. విలీనం గురించి ఎప్పుడూ ఏమీ అనేవాడు కాదు. వీడికి దిగులు లేదని నేను నిశ్చింతగా ఉన్నాను. నిజానికి మొదటి వారంలోనే ఇక్కడ భవిష్యత్తు లేదని నిర్ణయించుకుని, రాత్రిళ్లు వేరే పరీక్షలకు చదువుతున్నాడట. 2020 చివర్లో రాజీనామా ఇచ్చాడు. ఆపబోయాను, అప్పటికే ఆలస్యమైపోయింది. దిగులు ఉన్నవాళ్లంతా దిగులుగా కనపడరు. నేను మాట్లాడేవాళ్ల భయాన్ని చూసుకుంటూ, మాట్లాడని వాడి నిర్ణయాన్ని చూడలేకపోయాను. అందరితో కలిసి కూర్చునే మీటింగ్‌కి తోడు, నెలకోసారి ఒక్కొక్కరితో విడిగా పది నిమిషాలు కూర్చుని ఉంటే తెలిసేదేమో.

ఏప్రిల్ 1

2020 మార్చి 4న కేంద్ర క్యాబినెట్ విలీనానికి ఆమోదం ఇచ్చింది. ఏప్రిల్ 1 నుంచి అమలు అని ఖాయమైంది. మార్చి 22న జనతా కర్ఫ్యూ, 25 నుంచి లాక్‌డౌన్. ఒక అనిశ్చితి సరిపోనట్టు రెండోది వచ్చి పడింది. ఏప్రిల్ 1 కూడా బుధవారమే. సగం మంది స్టాఫే వచ్చారు, బజారు నిర్మానుష్యంగా ఉంది. మాస్కులు కట్టుకుని దూరం దూరంగా నిలబడి మా బుధవారం మీటింగ్ పెట్టుకున్నాం. కాగితాల మీద ఆంధ్రా బ్యాంకు అన్నది ఆ ఉదయం నుంచి లేదు. 9,500 పైచిలుకు బ్రాంచీలు, 75,000 మంది ఉద్యోగులున్న ఒక పెద్ద బ్యాంకులో మేం తొమ్మిది మందిమి. బోర్డు మాత్రం ఇంకా పాతదే ఉంది.

నేను ముందే ఒక ప్రసంగం సిద్ధం చేసుకున్నాను. కొత్త అవకాశాలు, అయిదో పెద్ద ప్రభుత్వ రంగ బ్యాంకు, ఇలాంటివి. అక్కడున్న మొహాలు చూసి అది చెప్పలేదు. ‘ఎవరైనా ఏమైనా చెప్పాలనుకుంటే చెప్పండి’ అన్నాను. హెడ్ క్యాషియర్ గారు తన మొదటి పోస్టింగ్ గురించి, మొదటి జీతంతో అమ్మకు కొన్న చీర గురించి చెప్పారు. అటెండర్ వాళ్ల నాన్న సైకిల్ మీద క్యాష్ ట్రంకుపెట్టెకు కాపలాగా వెళ్లిన రోజుల గురించి చెప్పాడు. అరగంట దాటింది. ఒక ఇంట్లో పెద్దాయన పోయాక కూర్చుని మాట్లాడుకున్నట్టుగా ఉంది. ఆ అరగంటను తొందరపెట్టకపోవడం ఆ రెండేళ్లలో నేను చేసిన మంచి పనుల్లో ఒకటని ఇప్పటికీ అనుకుంటాను. పాతదాన్ని తలచుకోనిస్తే కొత్తదానికి ఎదురు తిరుగుతారని పైవాళ్లు భయపడతారు. నేను చూసింది వేరు. తలచుకోనిచ్చిన వాళ్లు మర్నాటి నుంచి పనిలో పడ్డారు.

పనిలో పడక తప్పని పరిస్థితి కూడా వచ్చింది. ఏప్రిల్ 3 నుంచి మహిళల జన్‌ధన్ ఖాతాల్లో అయిదొందల రూపాయలు పడటం మొదలైంది. ఖాతా నంబరు చివరి అంకెను బట్టి రోజుకు కొందరు రావాలని ప్రభుత్వం ఏర్పాటు చేసింది. పల్లెల నుంచి వచ్చేవాళ్లలో చాలామంది తమ చివరి అంకె ఏమిటో చూసుకోకుండానే వచ్చేశారు. అటెండరూ స్వీపరమ్మా తెల్లవారుజామునే వచ్చి, బ్రాంచి ముందు నుంచి బస్టాండు మలుపు దాకా సున్నంతో గుండ్రాలు గీశారు. ఎండకు చెప్పులు, సంచులు గుండ్రాల్లో పెట్టి ఆడవాళ్లు చెట్టు నీడన కూర్చునేవాళ్లు.

ఆ పది రోజుల్లో విలీనం గురించి మా బ్రాంచిలో ఒక్క మాట వినపడలేదు. పుకార్ల పుస్తకంలో ఆ వారాల పేజీలు ఖాళీగా ఉన్నాయి. పని ఎక్కువై తీరిక లేక అనుకోవచ్చు, కొంత నిజం. కానీ నాకు కనిపించిన కారణం ఇంకొకటి. బోర్డు మీద పేరు ఏదైనా, గుమ్మం బయట నిలబడ్డ మనిషికి తాము చేయగలిగిన పని మారలేదని వాళ్లకు ఒంటికి తెలిసింది. నేను పది మీటింగుల్లో చెప్పినా రాని నమ్మకం అది.

కౌంటర్ దగ్గర

క్యూలో నిలబడ్డవాళ్లు ఊరుకుంటారా? ‘అమ్మాయ్, మా బ్యాంకు అమ్మేశారంట గదా, మా డబ్బులు బొంబాయి పోయినయ్యా?’ అని ఒక ముసలాయన కౌంటర్‌లో అడిగాడు. మా క్లర్కు మేడమ్ ఏదో చెప్పబోయి ఆగిపోయారు. ఆవిడకూ ఆ ప్రశ్నే ఉంది. స్టాఫ్‌కు స్పష్టత లేకపోతే అది ఎక్కడ బయటపడుతుందంటే, కౌంటర్ అద్దం దగ్గర, కస్టమర్ ముందు.

ఆ బుధవారం అందరం కూర్చుని, కస్టమర్‌కు ఏం చెప్పాలో మా మాటల్లో రాసుకున్నాం. హెడ్డాఫీసు ఇచ్చిన సమాచారం ఉంది, కానీ అది పుస్తకాల భాష. మాది ఇలా తయారైంది: ‘మీ డబ్బు ఎక్కడికీ పోలేదు తాతా. మీ ఖాతా నంబరు అదే, మీ బ్రాంచి ఇదే, మేమూ వీళ్లమే. పేరు మారింది, మారాల్సిన కాగితాలేమైనా ఉంటే మేమే పిలిచి చెప్తాం.’ నాలుగు ముక్కలు. రోజుకు వంద మందికి చెప్పేవాళ్లు. ఇందులో నేను ముందుగా ఊహించని లాభం ఒకటి ఉంది. ‘మేమూ వీళ్లమే’ అని రోజుకు వందసార్లు బయటికి చెప్పిన మనిషి సాయంత్రానికి తనూ ఆ మాట నమ్ముతాడు.

తర్వాతి నెలల్లో దశలవారీగా కంప్యూటర్ వ్యవస్థలు కలిశాయి. మూడు బ్యాంకులూ ఫినాకిల్ అనే ఒకే బ్యాంకింగ్ సాఫ్ట్‌వేర్ మీద ఉండటం వల్ల మెనూలు మరీ కొత్తగా అనిపించలేదు. అసలు పని ఐఎఫ్ఎస్‌సీ కోడ్‌తో, అంటే వేరేచోటి నుంచి డబ్బు పంపేవాళ్లు వాడే బ్రాంచి కోడ్‌తో వచ్చింది. ఏఎన్‌డీబీతో మొదలయ్యే పాత కోడ్‌లు 2021 మార్చి 31 వరకే చెల్లుతాయి, ఏప్రిల్ 1 నుంచి యూబీఐఎన్‌తో మొదలయ్యే కొత్త కోడ్‌లే వాడాలి. వినడానికి పదకొండు అక్షరాల మార్పు. మా ఊళ్లో దాని వెనక ఏముందో చూడండి: పాల కేంద్రం నుంచి డబ్బు పడే రైతులు, పెన్షనర్లు, ఎల్ఐసీ మెచ్యూరిటీ కోసం చూసేవాళ్లు, అమెరికా నుంచో దుబాయ్ నుంచో కొడుకు నెలనెలా పంపే డబ్బుతో బతికే తల్లిదండ్రులు.

‘పాసుపుస్తకం ప్రింటుకి వచ్చిన ప్రతివాళ్లకీ కొత్త కోడ్ చీటీ రాసిద్దామా?’ అన్నాన్నేను. చీటీలు పోతాయి సార్ అన్నారు క్లర్కు మేడమ్. బజార్లో రబ్బరు స్టాంపులు చేసేవాడి దగ్గర కొత్త కోడ్‌తో ఒక స్టాంపు చేయించుకొచ్చారు. 2020 చివరి నుంచి కౌంటర్‌కు వచ్చిన ప్రతి పాసుపుస్తకం మొదటి పేజీలో ఊదా రంగు ముద్ర పడింది. రాని వాళ్ల లిస్టు తీసి, రోజుకు కొందరికి ఫోన్లు చేశాం. విదేశాల్లో పిల్లలున్నవాళ్ల ఇళ్లకు మా అటెండర్ సాయంత్రం ఇంటికి పోతూ పోతూ వెళ్లి, ‘అబ్బాయికి వాట్సాప్‌లో ఇది ఫొటో తీసి పంపండి’ అని ముద్ర చూపించి వచ్చేవాడు. ఇది చేయమని పైనుంచి ఎవరూ చెప్పలేదు. తమ చేతిలో ఉన్న ఒక పని, దాని ఫలితం కళ్ల ముందు కనపడటం: భయపడ్డ టీమ్‌కు నేను ఇవ్వగలిగిన వాటిలో ఇంతకంటే పనికొచ్చింది ఇంకోటి లేదు. విలీనాన్ని ఆపడం వాళ్ల చేతిలో లేదు. ముద్ర వాళ్ల చేతిలో ఉంది.

బోర్డు

బోర్డు మార్చడానికి మనుషులు వచ్చిన రోజు పొద్దున్నే సన్నగా వాన. నిచ్చెన వేసేలోపు మా అటెండర్ తడిగుడ్డ తెచ్చి, స్టూలెక్కి పాత బోర్డు తుడవడం మొదలుపెట్టాడు. ‘తీసేసేదే కదా పెద్దాయనా’ అన్నాడు పనివాడు. ‘ఆగు’ అన్నాడు మావాడు. చివరి అక్షరం దాకా తుడిచాక దిగాడు. కౌంటర్‌లో పని ఆపి అందరూ గుమ్మం దగ్గరకొచ్చి నిలబడ్డారు. కస్టమర్లూ నిలబడ్డారు. నేను ఎవర్నీ సీట్లలోకి వెళ్లమనలేదు.

మధ్యాహ్నానికి కొత్త బోర్డు వెలిగింది. సాయంత్రం టాలీ అయ్యాక హెడ్ క్యాషియర్ గారు క్యాష్ రిజిస్టర్ మీద కొత్త బ్యాంకు ముద్ర వేసి సంతకం పెట్టారు. ముద్ర కాస్త వంకరగా పడింది. పక్కన ఖాళీలో ఇంకోసారి వేసుకుని చూశారు, నిటారుగా వచ్చేదాకా.

నేను ఆ బ్రాంచి వదిలింది 2021 వేసవిలో. అప్పటికి కోడ్ మారిపోయింది, బుధవారం మీటింగులు మాత్రం ఆగలేదు. మా దగ్గర ఫీల్డ్ ఆఫీసర్‌గా చేసి ట్రాన్స్‌ఫర్ మీద వెళ్లిన మేడమ్ తన కొత్త బ్రాంచిలోనూ టీ ఫ్లాస్కు పక్కన ఒక నోట్‌బుక్ పెట్టారని ఫోన్‌లో చెప్పారు. నా తర్వాత వచ్చిన మేనేజరు పూర్వం కార్పొరేషన్ బ్యాంకులో చేసిన కన్నడ ఆయన. మన అక్షరాలు ఆయన అక్షరాలకు దగ్గరే కాబట్టి మెల్లగా చదువుకోగలడు. చార్జ్ అప్పగించేటప్పుడు తాళాలు, సెక్యూరిటీ పేపర్లు, డెడ్‌స్టాక్ (బ్రాంచి సామాను) రిజిస్టర్ వరసగా సంతకాలు చేసి ఇచ్చాను. చివర్లో పుకార్ల పుస్తకం తీశాను. ‘ఇదేం రిజిస్టర్?’ అన్నారు. ఎడమ పేజీలేమిటో, కుడి పేజీలేమిటో చెప్పాను. వేలు పెట్టి ఒక్కో లైనూ కూడబలుక్కుంటూ చదివారు. ‘తెలుగు రాని మేనేజర్లు వస్తారట’ అన్న లైను దగ్గర ఆగి, దాని కుడి పేజీ ఖాళీగా ఉండటం చూశారు. జేబులోంచి పెన్ను తీసి, ఆ రోజు తేదీ వేశారు. కాసేపు ఆలోచించి దాని కింద, ఒత్తులు తప్పుతూ, తెలుగులో రాశారు: ‘వచ్చాను. నేర్చుకుంటాను.’